గోడ మీద నంబరు పడిన రోజు నుంచే

పెద్ద ప్రాజెక్టు వల్ల చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బంది ఎప్పుడు మొదలవుతుందంటే చాలామంది మెషీన్లు దిగినప్పటి నుంచి అంటారు. నా లెక్క వేరు. సర్వే వాళ్లు వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో నంబరు వేసి వెళ్లిన రోజే అది మొదలైపోతుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్క టిప్పర్ కూడా రాకపోయినా సరే.

నంబరు పడిన ఇంట్లోకి వెళ్లి చూడండి. స్లాబ్ కారుతుంటుంది, కింద బకెట్ పెట్టుకుంటారు గానీ బాగు చేయించరు, ఎందుకంటే రేపో మాపో కొట్టేసే ఇంటి మీద డబ్బు పోయడం దేనికని. అమ్ముదామంటే కొనేవాడు రాడు, అద్దెకి ఇద్దామంటే వచ్చినవాడు గోడ చూసి వెనక్కి వెళ్తాడు, పిల్లల్ని వచ్చే ఏడాది ఏ స్కూల్లో వేయాలో తేలదు. ఈలోగా రోజుకో పుకారు: ప్రాజెక్టు వెళ్లే గీత, అంటే అలైన్‌మెంట్ మారిందట, కాదు మళ్లీ పాతదేనట, అసలు ప్రాజెక్టే ఆగిపోయిందట. ఆఫీసుకి వెళ్లి అడిగితే ఫైల్ పైన ఉందంటారు. ఇల్లు పోతుందని ఖాయంగా తెలిస్తే మనిషి ఏడ్చో తిట్టుకునో ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటాడు. ఏదీ తెలియకుండా ఏళ్లు గడపడమే అసలు టెన్షన్, నిద్ర పట్టనిదీ దానివల్లే.

బ్రిటన్‌లో దీనికి చట్టంలోనే ఒక దారి పెట్టారు. ప్రాజెక్టు గీత పడి, ఇల్లు మామూలు రేటుకి అమ్ముడుపోకపోతే, అర్హత ఉన్న యజమాని "మీరే కొనుక్కోండి" అని అధికారులకి నోటీసు ఇవ్వొచ్చు. అద్దెకుండేవాళ్ల సంగతి అక్కడా అంతంతమాత్రమే అనుకోండి.

ఇక పని మొదలయ్యాక దుమ్ము, చప్పుడు, డైవర్షన్లు అందరికీ తెలిసినవే. చప్పుడు గురించి ఒక్క మాట. రోడ్డు ట్రాఫిక్ చప్పుడు రాత్రిపూట సగటున 45 డెసిబెల్స్ లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో సూచించింది. బానే ఉంది, కానీ ఇలాంటి సగటులతోనే చిక్కు. రాత్రి రెండింటికి కాంక్రీట్ పగలగొట్టే బ్రేకర్ పది నిమిషాలు మోగి ఆగిపోతే ఏడాది రాత్రులన్నిటి సగటులో అది చాలావరకు కరిగిపోతుంది, లేచి కూర్చున్న ముసలాయనకి మాత్రం మళ్లీ నిద్ర రాదు. రిపోర్టులో అంతా పరిమితి లోపలే కనపడొచ్చు.

పని పూర్తయితే కష్టాలు తీరతాయని కూడా ఏం లేదు. 1992లో మ్యూనిక్ విమానాశ్రయాన్ని ఒకచోట మూసి ఇంకోచోట తెరిచారు. అప్పుడు రెండు చోట్లా పిల్లల్ని పరిశీలించారు. కొత్త విమానాశ్రయం దగ్గర పిల్లలకి చదవడం, గుర్తుపెట్టుకోవడం దెబ్బతిన్నాయి, మూసేసిన చోట పిల్లలు మళ్లీ కోలుకున్నారు. నాకు ఈ రెండో సగమే ముఖ్యం. చప్పుడు తీసేస్తే బాగుపడ్డారంటే, అంతవరకూ వాళ్ల చదువుని వెనక్కి లాగింది ఆ చప్పుడే కదా.

డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే నగర రూపకల్పన ప్రొఫెసర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పోల్చి చూసిన వీధుల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది: ట్రాఫిక్ తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు, ఎక్కువున్న వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9. ఎదురింటికి వెళ్లాలంటే నాలుగు లేన్లు దాటాల్సి వస్తే ఆ ఇల్లు ఎదురిల్లు కాదు, వేరే ఊరు. ఎదురింటివాళ్లతో పోయిన ముచ్చట్లకి పరిహారం లెక్కగట్టే కాలమ్ ఏ ఫారంలోనూ ఉండదు. నిర్వాసితుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త మైకేల్ చెర్నియా చెప్పిన ఎనిమిది నష్టాల్లో భూమి, ఇల్లు, ఉపాధి పోవడంతో పాటు ఉమ్మడి వనరులు దక్కకపోవడం, ఆరోగ్యం చెడటం, మనుషుల మధ్య అల్లిక విడిపోవడం కూడా ఉన్నాయి. చెక్కు మాత్రం చాలాసార్లు భూమి, ఇల్లు దగ్గరే ఆగిపోతుంది.

నేను ప్రాజెక్టులకి వ్యతిరేకిని కాదు, ఆ రోడ్ల మీదే తిరుగుతాను, వంతెన రాక ముందు అవతలి ఒడ్డున ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయినవాళ్లూ ఉంటారు. అడిగేది కోట్లు ఖర్చయ్యేవి కూడా కాదు. ఏ ఇల్లు పోతుందో, ఏది పోదో ఒక తేదీలోపు రాతపూర్వకంగా చెప్పండి. రాత్రి పని ఉంటే ముందురోజే చెప్పండి. ఫోన్ చేస్తే ఎత్తి జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి, అంతే.

మీ పక్కన ఏదైనా మొదలవబోతుంటే ఒక పని ఇవాళే చేయండి: ప్రతి గోడకీ, సీలింగ్‌కీ తేదీ కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. పైలింగ్, అంటే పునాది స్తంభాలు భూమిలోకి దించే పని, వల్ల వచ్చే అదురు మనకి తెలిసినంత మాత్రాన గోడ పగలదు, పగిలే స్థాయి అంతకంటే చాలా ఎక్కువ, కాబట్టి ప్రతి పగులూ వాళ్ల వల్ల వచ్చిందే కాకపోవచ్చు. కానీ నిజంగా వాళ్ల వల్ల వచ్చిన రోజు అది పాతదేనంటారు, అప్పుడు మీ చేతిలో ఉండేది ఆ ఫోటోలే.