పోయింది డెబ్బై రూపాయలే

గురువారం రాత్రి, పదకొండు దాటింది. వంటిల్లు సర్దీసి ఇప్పుడే కూర్చున్నాను, కాళ్ళు లాగీస్తున్నాయి గానీ ఇవాళ్టి సంగతి రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మాఘంలో మరిది పెళ్ళి. నగలన్నీ శ్రీకాకుళంలో బ్యాంకు లాకర్లో ఉన్నాయి, మావయ్య అక్కడ ఉద్యోగం చేసినప్పుడు తీసుకున్న లాకర్, మేం విజయనగరం వచ్చీసి తొమ్మిదేళ్ళవుతున్నా అత్త దాన్ని ఇక్కడికి మార్చనివ్వలేదు. బుధవారం వెళ్దామంటే ఈయనకి సెలవు లేదు, శుక్రవారం ఇంట్లోకి బంగారం రావాలి గానీ ఎక్కడినుంచీ బయటికి తియ్యకూడదట, శనివారం మాట ఎత్తకు అంది, అలా అలా గురువారానికి తేలింది, అదీ నేనూ అత్తా ఇద్దరమే. కారు మాట్లాడీద్దాం అన్నాను. "ఏటి, వేలకి వేలు పోసి ఆ కారోడికి మనం లాకరుకెల్తన్నామని మనవే సెప్పడవా?" అంది. నేనేదో డబ్బులకి చూసుకుంటోందనుకున్నాను గానీ ఆలోచిస్తే ఆ మాటా నిజమే.

ఇలాంటి ప్రయాణాలకని ఆన్‌లైన్‌లో ఒక బ్యాగు కొన్నాను కిందటి నెల, వెనకవైపు దాక్కునే జిప్పు, పట్టీలో తీగ, బ్లేడు పెట్టినా తెగదట. పొద్దున్న అత్తకి చూపిస్తే తిప్పి తిప్పి చూసి "ఎన్ని జిప్పులున్నాయో అన్ని సోట్ల నీ సెయ్యెల్తాది, నీ సెయ్యెల్లిన కాడికే దొంగోడి కన్నెల్తాది" అని నా చేతిలో పెట్టీసింది.

తన ఏర్పాటు తను రాత్రే చేసుకుంది. పాత లంగాకి లోపలివైపు, బొడ్డుకి కొంచెం పక్కగా, మావయ్య పంచె ముక్కతో ఒక జేబు, మూడు వైపులా దగ్గర దగ్గర కుట్టు, పైన రెండు పిన్నీసులు అడ్డంగా. నగలు విడివిడిగా గుడ్డలో చుట్టి పెడతాది, ఒకదానికొకటి తగిలి గలగలమనకూడదట. షాపువాళ్ళిచ్చే ఎర్ర వెల్వెట్ పెట్టెలూ పేరు రాసున్న సంచీలూ ఒక్కటి కూడా వెంట తేనివ్వలేదు. ఈ విద్య తనకి పలాస పక్కనుండి వచ్చింది. వాళ్ళ నాన్న జీడిపిక్కలు అమ్మిన డబ్బులు ఈవిడ చిన్నప్పుడు పేసెంజర్ బండిలో తెచ్చేదట, కేరేజీ అడుగు గిన్నెలో నోట్లు, పై గిన్నెలో చల్దన్నం, ఆ పైన ఉల్లిపాయ. నౌపడా, కోటబొమ్మాళి, తిలారు, స్టేషన్ స్టేషన్‌కీ జనం ఎక్కీ దిగీ, ఎవరూ కేరేజీ వైపు చూడలేదట. ఒకసారి మాత్రం పక్కనున్న ముసలమ్మ ఆకలేస్తందమ్మా అని అడిగితే ప్రాణం పోయినంత పనయింది, ఆ పై గిన్నె మట్టుకు ఇచ్చీసి అడుగుది ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను అని ఇప్పటికీ నవ్వుతాది.

నావన్నీ కొట్టిపారేసింది గానీ ఒక్క ఐడియా మట్టుకు ఒప్పుకుంది. బ్యాగు బయటి అరలో ఒక పాత పర్సు పెట్టడం. అందులో డెబ్బై రూపాయలు, ఎప్పుడో గడువు అయిపోయిన ఏటీఎం కార్డు, రెండు షాపుల విజిటింగ్ కార్డులు. దొంగ చెయ్యి పెడితే ఏదో ఒకటి దొరకాలి, దొరికితే ఇంక లోపలికి వెతకడు అని. "ఇది బాగున్నాది, సెనివారం నాడు కాకికెట్టినట్టు" అంది. నాకు చాలా గర్వంగా అనిపించింది, అది కూడా రాసుకోవాలి ఎందుకంటే సాయంత్రానికి ఆ గర్వం ఏమయిందో చెప్పాలి కదా.

వెళ్ళేటప్పుడు ఎక్స్‌ప్రెస్ బస్సు, సీట్లు దొరికాయి. ఆగస్టు 15, 2025 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి బస్సుల్లో మన జనమే ఎక్కువ, సంతోషమే, నేనూ నెలకి కొంత మిగుల్చుకుంటున్నాను. ఒకటే చిక్కు. జీరో టికెట్ కొట్టాలంటే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఏదో ఒకటి చూపించాలి, ఆ కార్డు పర్సులో ఉంటాది, పర్సు బ్యాగు అడుగున ఉంటాది, కండక్టర్ వచ్చీసరికి బస్సులో ఆడాళ్ళందరం ఒకేసారి సంచీలు విప్పి పర్సులు పైకి తీసి కార్డు లాగి మళ్ళీ లోపల పెడతాం. ఎవరి డబ్బులు ఏ అరలో ఉన్నాయో నిలబడి చూసేవాడికి పాఠం చెప్పినట్టు. అందుకే నేను ఆధార్ ఒక్కటీ విడిగా మెళ్ళో పిల్లల ఐడీ కార్డు తాడుకి తగిలించి జాకెట్టు లోపల వేసుకున్నాను. కండక్టరు "ఏ స్కూలమ్మా" అన్నాడు, పక్క సీట్లవాళ్ళు నవ్వారు. నవ్వనీ.

శ్రీకాకుళం బస్సు కాంప్లెక్స్‌లో దిగి బ్యాంకుకి వెళ్ళీసరికి పదకొండున్నర. లాకర్ గదిలో బ్యాంకాయన తన తాళం తిప్పి బయటికి వెళ్ళిపోయాడు, మన తాళం మనం తిప్పుకున్నాం. చంద్రహారం, నాలుగు గాజులు, మావయ్య ఉంగరం. అత్త ఆ ఉంగరం కొంచెంసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది, నేను కావాలనే లాకర్ నంబరు చదువుతున్నట్టు అటు తిరిగాను. అప్పుడే ఒకటి గుర్తొచ్చింది. 2022 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు రూలు ప్రకారం లాకర్లో దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే ఏడాది అద్దెకి వందరెట్లు దాకా బ్యాంకు ఇచ్చుకోవాలి. ఎంత తక్కువైనా అదొక భరోసా. ఆ గడప దాటి మెట్లు దిగితే ఇంక మొత్తం అత్త లంగా జేబు మీదే ఆధారం.

మెట్లు దిగి పది అడుగులు వేసామో లేదో వెనకనుంచి ఒకాయన, "అమ్మా, చీరకి వెనక ఏదో అంటుకుంది చూసుకోండి".

నా గుండె జారిపోయింది. ఎందుకంటే బ్యాంకుల దగ్గర చేసేదే ఇది, చీర మీద ఏదో పడిందనో, అమ్మా మీ పది రూపాయల నోట్లు కింద పడ్డాయనో అంటారు, మనం వంగుతాం, చేతిలో సంచీ పక్కన పెడతాం, అంతే, తలెత్తేసరికి సంచీ ఉండదు. మా వీధిలో ఒకావిడకి పెన్షన్ డబ్బులు ఇలాగే పోయాయి. నేను అత్త చెయ్యి పట్టుకుని లాగాను, అత్త వెనక్కి కూడా తిరగలేదు, "అంటుకోనీ బాబూ, ఇంటికెల్లి ఉతుక్కుంతాను" అని గట్టిగా అరిచి నడిచీసింది. ఆయన "మంచికి పోతే..." అని ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక చూస్తే చీర వెనకాల జానెడు మేర సున్నం. బ్యాంకు గోడకి ఆనుకుని నిలబడ్డట్టుంది. పాపం ఆయన నిజంగానే చెప్పాడు. కానీ మళ్ళీ అలాంటిది జరిగినా నేను తిరిగి చూడను, ఆయనకి మనసులోనే ఒక దణ్ణం పెట్టుకుంటాను.

అక్కడినుంచి అరసవల్లి రోడ్డులో పెళ్ళికూతురు వాళ్ళింటికి. భోజనం చెయ్యమని బలవంతం చేసారు, అత్త కూర్చున్నంతసేపూ ఎడం చెయ్యి బొడ్డు దగ్గర పెట్టుకోకుండా ఉండడానికి ఎంత కష్టపడిందో నాకొక్కదానికే తెలుసు. వచ్చేటప్పుడు వాళ్ళమ్మగారు పెళ్ళికూతురి ఉంగరం కొలత ఇచ్చారు, వేలికి చుట్టి ముడేసిన తెల్ల దారం, పసుపు రాసి చిన్న కాగితంలో మడిచి. రేపు మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర కంసాలికి ఇవ్వాలి. దారమే కదా, దానికేం విలువ అనుకుని చేతికందిన అరలో, ఆ పాత పర్సులో పడీసాను.

ఇంక చెప్పాలా.

మూడింటికి శ్రీకాకుళం కాంప్లెక్స్ జాతరలా ఉంది. మైకులో ఆడమనిషి గొంతు, జేబుదొంగలున్నారు మీ సామాన్లు జాగ్రత్త అని. నా చెయ్యి దానంతటదే బ్యాగు మీదకి పోయింది, అత్త టప్పున ఒక్కటి కొట్టింది చేతిమీద. విజయనగరం బస్సు రాగానే అందరం ఒకేసారి డోరు మీద పడ్డాం. దొంగకి కావలసింది అదే, సీట్లో కూర్చున్నాక ఎవడూ ఏమీ చెయ్యలేడు, ఎక్కే ఆ అర నిమిషమే, వెనక తోపు, ముందు ఎవరో మెట్టుమీద ఆగిపోతారు, మన రెండు చేతులూ కడ్డీ పట్టుకోడానికి పైకి లేస్తాయి, నడుం దగ్గర ఎవరు తగిలినా తోపులాటే అనుకుంటాం. నేను అత్తని ముందు ఎక్కించి నా ఒళ్ళు అడ్డం పెట్టి తోసాను. ఎచ్చెర్ల దాకా నిలబడే వచ్చాను, తర్వాత చిలకపాలెంలో ఒకమ్మాయి దిగితే సీటు దొరికింది. నాతవలస టోల్‌గేట్ దాటి డెంకాడ వైపు తిరిగాక గాలికి కునుకు కూడా పట్టింది.

విజయనగరం కాంప్లెక్స్‌లో దిగి, ఆటోకి చిల్లర ఆ పాత పర్సులోదే ఇచ్చీద్దాం అని జిప్పు తీసాను. పర్సు లేదు. అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండింది ఏంటంటే జిప్పు వేసి ఉంది. తీసి, పర్సు తీసుకుని, మళ్ళీ జిప్పు వేసి వెళ్ళాడు, లేదా వెళ్ళింది, ఎవరో నాకు తెలీదు, గుర్తు తెచ్చుకుంటే అన్నీ మామూలు మొహాలే, కొబ్బరికాయల సంచీతో ఒకావిడ, కాలేజీ పిల్లలు, చంటిపిల్లాడితో ఒకాయన. ఎవరి మీదా అనుమానం పెట్టుకునే హక్కు నాకు లేదు.

అత్త వెంటనే ఆటో స్టాండు గోడ పక్కకి వెళ్ళి చీర మడతలోంచి తడుముకుంది. పిన్నీసులు రెండూ ఉన్నాయి. "ఉన్నాయే. డెబ్బయ్యే కదా పోనాది, పోనీ" అని ఆటో ఎక్కి కూర్చుంది. ఆటో కొత్తపేట నీళ్ళ ట్యాంకు దాకా వచ్చాక నేను నోరు విప్పాను, దారం కూడా అందులోనే ఉంది అత్తా అని.

అత్త ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుణ్ణు.

సాయంత్రం ఈయన వచ్చి విని "అంత ప్లాన్ వేసారు కదా ఇద్దరూ" అని నవ్వుతుంటే ఒళ్ళు మండి సిరిమాను సంగతి ఎత్తాను. ఒక ఏడు మా ఊరి పైడితల్లమ్మ జాతరలో, పూజారి కూర్చునే ఆ పొడవాటి సిరిమాను రెండో తిరుగుడు కోట దగ్గరికి వస్తుంటే ఈయనగారు అరటిపండు విసరడానికి రెండు చేతులూ పైకెత్తారు, చొక్కా జేబులో ఫోన్ మాయం. మొక్కు తీరింది, ఫోన్ పోయింది. డబ్బులు పోతే పోయిన చోటే ఆగుతాయి, ఫోన్ పోతే ఇంకా పోతూనే ఉంటాది. ఆ రాత్రి ముందు సిమ్ బ్లాక్, తర్వాత బ్యాంకుకి ఫోన్, యూపీఐ లైట్‌లో వేసుకున్న డబ్బులకి చిన్న మొత్తాలైతే పిన్ కూడా అడగదు, ఈయన ఫోన్‌కి లాక్ కూడా లేదు మహానుభావుడికి. డబ్బులు లాగితే సైబర్ మోసాలకున్న 1930కి చెప్పాలని నంబరు రాసిపెట్టుకుని కూర్చున్నాం. పోలీసు కంప్లైంట్ కాపీ తెచ్చాక సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫోన్ బ్లాక్ చెయ్యాలంటే ఆ ఫోన్‌కి ఉండే ఐఎంఈఐ నంబరు కావాలంది, ఫోన్ చేతిలో ఉంటే స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ కొడితే వస్తాది, ఫోన్ లేనివాడికి డబ్బా మీదుంటాది, ఆ డబ్బాలో అత్త బొత్తాలూ సూదులూ పోసుకుంది, ఇల్లంతా వెతికితే అర్ధరాత్రి దొరికింది. ఫోన్ ఇప్పటికీ దొరకలేదు. ఇదంతా గుర్తు చేసేసరికి ఈయన టీవీ సౌండు పెంచుకున్నారు.

అసలు సమస్య అది కాదు. పెళ్ళికూతురి కొలత దొంగ ఎత్తుకుపోయాడని వాళ్ళకి చెప్తే శకునం అంటారు, వాళ్ళ నాయనమ్మ ఒకావిడ ఉంది, పిల్లి ఎదురొస్తే భోజనం మానీసే మనిషి. చెప్పకపోతే కంసాలికి ఏం ఇస్తాం. మరిది "ఆ అమ్మాయినే అడుగుతాను, వాట్సాప్‌లో పంపమంటాను" అన్నాడు. దారం వాట్సాప్‌లో ఎలా పంపుతుంది రా అని నేను. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీస్తే చాలట. అత్త "నోర్ముయ్యండి ఇద్దరూ" అని ఫోన్ తీసుకుంది.

నేను తలుపు దగ్గరే నిలబడి విన్నాను. "ఆఁ వదినా, ఇంటికి వొచ్చీసినాం, బాగానే వొచ్చినాం... ఒక్కమాట వదినా, ఆ దారం పసుపు తడికి కుంచుకుపోనాదేమో, సిన్న పిల్ల ఏలికొచ్చినట్టున్నాది, మరోపాలి కొలిసి రేపు బస్సు మీద ఎవలితోనైనా పంపండి... ఆఁ ఆఁ... తెల్ల దారవే పంపండి, పసుపు మేం రాసుకుంతాం."

ఫోన్ పెట్టీసి నా వైపు తిరిగి, "దారం వొచ్చినాక నాకియ్యి, నీకొద్దు" అంది. లంగా జేబు ఇంకా విప్పలేదు, నగలు బీరువాలో పెట్టు అంటే పొద్దున్న పెడతానంది, వాటితోనే పడుకుంది.