పిల్లల జలుబు, గొంతునొప్పి: సీసా మీది అంకె చూడండి

బెంగళూరులో వానలు పట్టాయంటే మారతహళ్లి వైపు మన తెలుగిళ్లలో పిల్లల ముక్కులు కారడం మొదలు. ఇవి ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేవే, యాంటీబయాటిక్ పనిచేయదు.

అసలు పొరపాటు జ్వరం మందు దగ్గర జరుగుతుంది. పారాసిటమాల్ లెక్క వయసును బట్టి కాదు, బరువును బట్టి: ఒక్కసారికి కిలోకు 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 150. సీసా మీద 5 మి.లీ.కి 250 అని ఉంటే 3 మి.లీ., 120 అని ఉంటే 6 మి.లీ., మి.లీ.కి 100 ఉన్న డ్రాప్స్ అయితే ఒకటిన్నర మి.లీ. చాలు. సీసా మారినా పాత కొలతే పోస్తే మోతాదు రెట్టింపు అయిపోవచ్చు. వంటింటి చెంచా అసలొద్దు. ఆరేసి గంటలకోసారి, రోజుకు 4 సార్లు మించకూడదు. 3 నెలల లోపు పసిబిడ్డకు జ్వరమొస్తే ఇంట్లో మందు వేయకండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

దగ్గు సిరప్ రెండేళ్ల లోపు ఇవ్వకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్చరించింది. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు అర టీస్పూను తేనె మేలు; ఏడాది లోపు తేనె ప్రమాదం. ఆవిరి గిన్నె పిల్లల ముందు పెట్టకండి, ఒళ్లు కాలుతుంది.

దగ్గు, జలుబు లేకుండా జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లని చీము, మెడలో నొప్పి గడ్డలు ఉంటే స్ట్రెప్ (బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతు ఇన్ఫెక్షన్) కావచ్చు. డాక్టరు 10 రోజులకు రాసిన యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్‌ను మూడోరోజు ఆపేస్తే, గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరానికి దారి వదిలినట్టే.

బిడ్డ నిద్రలో ఉండగా నిమిషం పాటు ఊపిరి లెక్కించండి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 తాకినా, డొక్కలు ఎగరేస్తున్నా తెల్లారేదాకా ఆగకండి.