మినీడిస్క్ రికార్డరు కొనాలా?
జగదాంబ కూడలి దగ్గర ఒక దుకాణంలో పాత సోనీ మినీడిస్క్ రికార్డరు చూశాను, చిన్న డిస్కు మీద శబ్దాన్ని రికార్డు చేసి వినిపించే యంత్రం. అప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. 1992లో వచ్చిన ఈ పద్ధతి నాకు ఇప్పటికీ అబ్బురమే: లేజరు డిస్కు మీద చుక్కంత చోటును వేడి చేస్తుంది, అయస్కాంతం అక్కడ శబ్దాన్ని రాస్తుంది.

అయితే సోనీ ఈ యంత్రాల సరఫరాను 2013లో, ఖాళీ డిస్కుల తయారీని 2025లో ఆపేసింది. పైగా మన విశాఖ ఉప్పుగాలి! బ్యాటరీ మూత తీస్తే స్ప్రింగు అడుగున ఆకుపచ్చని చిలుము. డిస్కు పెడితే మాత్రం పాట గలగలా వినిపించింది.

అమ్మమ్మ పాడిన మంగళహారతులు ఇంట్లో ఇలాంటి డిస్కుల మీదే ఉన్నాయి, వినే సాధనం లేదు. అందుకే కొంటున్నాను. కొత్తవి రికార్డు చేయడానికి కాదు, ఆ గొంతును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి. ముందుగా ఆ చిలుము గీకించాలి.