డచెస్‌గారికి అడ్డొచ్చిన రాజుల ఇల్లు

ఆక్స్‌ఫర్డ్‌లో బస్సెక్కి వుడ్‌స్టాక్‌లో దిగేవాళ్లలో చాలామంది బ్లెన్‌హైమ్ ప్యాలెస్ కోసమే వస్తారు. చర్చిల్ పుట్టిన గది చూసి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నేనూ ఆ గది చూశాను. కానీ నేను వచ్చింది చెరువు అవతల ఒకప్పుడున్న రాజుల ఇంటి కోసం.

పెద్ద వంతెన దాటాక గడ్డి, చెట్లు, మేసే గొర్రెలు. గుర్తుగా ఒక రాయి ఉంది, అంతే. గోడ ముక్క కూడా లేదు. 12వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ ఇక్కడ సుమారు 7 మైళ్ల ప్రహరీ కట్టించి, సింహాలు, చిరుతలు, ఒంటెలు పెంచాడు. ఆయనకు కానుకగా ఒక ఏదుపంది వస్తే, దాని ముళ్ల గురించి అప్పటి చరిత్రకారుడు మామ్స్‌బరీ విలియం తెగ ఆశ్చర్యపోతూ రాశాడు. మన అడవుల్లో తిరిగే ఏదుపందికి ఎంత వైభోగమో!

ఒడ్డు వెంట కాస్త నడిస్తే రోజమండ్ బావి వస్తుంది. పేరుకే బావి. రాతిగోడలోంచి ఊటనీరు సన్నగా చిన్న కుంటలోకి పడుతుంటుంది. రోజమండ్ రెండవ హెన్రీ ప్రియురాలు. రాణి ఎలినార్ వచ్చి ఆమెకు విషమిచ్చి చంపిందని కథ. నేను నమ్మను. రోజమండ్ పోయింది 1176 ప్రాంతంలో. కొడుకుల తిరుగుబాటుకు కొమ్ముకాసిందని అప్పటికే మూడేళ్లుగా ఎలినార్‌ని మొగుడే బంధించి ఉంచాడు. ఇక విషం ఎప్పుడు కలిపినట్టు?

మూడవ ఎడ్వర్డ్ రాజు కొడుకు, ‘నల్ల యువరాజు’గా పేరుపడ్డ ఎడ్వర్డ్ 1330లో పుట్టింది ఈ ఇంట్లోనే. 1554లో మేరీ రాణి తన చెల్లెలు, తర్వాత మొదటి ఎలిజబెత్ రాణి అయిన ఎలిజబెత్‌ని ఇక్కడికే పంపి నిర్బంధించింది. అప్పటికే ఇల్లు పాడుబడి ఉండటంతో ఆమెని గేటు మీది గదుల్లో ఉంచారు. తర్వాత 1640ల్లో రాజుకీ పార్లమెంటుకీ జరిగిన అంతర్యుద్ధంలో మిగిలిందీ దెబ్బతింది.

అయినా ఇల్లు పూర్తిగా పోయింది యుద్ధం వల్ల కాదు. 1704లో జర్మనీలో బ్లెన్‌హైమ్ యుద్ధం గెలిచిన సేనాపతి మార్ల్‌బరో డ్యూక్‌కి ఆన్ రాణి ఈ ఎస్టేట్ రాసిచ్చింది. కొత్త ప్యాలెస్ కట్టే పని ఆర్కిటెక్ట్ వాన్‌బ్రూది. ఆయనకి పాత ఇల్లంటే ప్రాణం. దాన్ని ఉంచితే ఇక్కడ బతికినవాళ్లు గుర్తొస్తారని, దృశ్యానికీ అందమని 1709లో వివరంగా రాసి మొరపెట్టుకున్నాడు. ఆ ఇంట్లో తానే మకాం పెట్టాడు కాబట్టి స్వార్థమూ ఉందనుకోండి. డ్యూక్ భార్య డచెస్ శారా మాత్రం ససేమిరా అంది. కొత్త కిటికీల్లోంచి చూస్తే ఎదురుగా పాడు గోడలా! 1720ల్లో ఇల్లు నేలమట్టమైంది.

వాన్‌బ్రూ కూడా ఆవిడతో పడలేక పని మధ్యలోనే వదిలేశాడు. 1725లో భార్యతో కలిసి తాను కట్టిన ప్యాలెస్ చూద్దామని వస్తే, డచెస్ పార్కులో కూడా అడుగు పెట్టనివ్వలేదు. టికెట్ కొనుక్కున్నందుకు నన్నయినా రానిచ్చారు.