సిబిల్ దెబ్బకి చల్లబడ్డ స్లాబు

కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది కావలి. పై పోర్షన్‌లో ఉంటాం, నెత్తిన స్లాబు తప్ప ఇంకేం లేదు. పడగ్గదిలో ఎనిమిదేళ్ళ నాటి ఒక టన్ను ఏసీ. ఈసారి రోహిణి కార్తె రాకముందే కంప్రెసర్ రాత్రంతా ఆగకుండా రొద, గది మాత్రం ఉక్కే. మెకానిక్ వచ్చి ఫిల్టర్లు కడిగి, "గ్యాసు బాగానే ఉంది సార్, రెండు టన్నులది తీసుకోండి" అని 500 పట్టుకుపోయాడు. మా మామ అయితే "ముందు పైన సున్నం కొట్టించబ్బాయా" అన్నాడు. లెక్కల మేష్టారికి సున్నం సలహానా అని నవ్వుకున్నా.

ఆదివారం మా ఆవిడతో షోరూంకి వెళ్ళా. ఏసీ నచ్చింది. ఈఎంఐ అన్నా. ఆధార్, పాన్, ఫోటో, మూడుసార్లు ఓటీపీ. సేల్స్ కుర్రాడు ట్యాబ్ చూసి, నాకు చెప్పకుండా అవతలి కౌంటర్‌కి కేకేశాడు: "అన్నా, ఈ సార్‌ది రిజెక్ట్! సిబిల్ లేదు!" (సిబిల్ అంటే మనం అప్పులు, వాయిదాలు ఎలా కట్టామో చూపే స్కోరు.) ఫ్రిజ్‌లు చూస్తున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. బిల్లింగ్ దగ్గర కూర్చున్నవాడు నా దగ్గర పదో తరగతి చదివినవాడు. లేచి "నమస్తే సార్" అని, మళ్ళీ తలెత్తలేదు. నాకంటే వాడికే సిగ్గేసినట్టుంది. కుర్రాడు అంతటితో ఊరుకున్నాడా? "పోనీ మేడం పేరు మీద ట్రై చేద్దామా?" మా ఆవిడ బ్యాగు భుజానికేసుకుని బయటికి నడిచింది.

జీవితంలో ఒక్క వాయిదా ఎగ్గొట్టినోణ్ణి కాదు. తీరా సిబిల్ రిపోర్టు తీస్తే, మా చిన్నాన్న కొడుకు ట్రాక్టర్ లోనుకి నేను పెట్టిన షూరిటీ సంతకం! వాడు కట్టడం మానేశాడు, మచ్చ నాకు పడింది. పెళ్ళిలో పక్కన కూర్చుని పులిహోర తిన్నాడే గానీ ఒక్క ముక్క చెప్పలేదు. ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా చూసుకోవచ్చు, చూసుకోండి. షూరిటీ మాత్రం తోడబుట్టినోడికి కూడా పెట్టొద్దు.

ఆ రాత్రి నిద్రపట్టక పదకొండింటికి స్టూలెక్కి సీలింగ్ మీద చెయ్యి పెట్టా. పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. పొద్దంతా ఎండ మింగిన కాంక్రీటు రాత్రంతా కక్కుతోంది. ఒక టన్ను ఏసీ గంటకి 12,000 బీటీయూల వేడి బయటికి తోడుతుంది. పైనుంచి పోస్తూనే ఉంటే ఎంతని తోడుతుంది? రెండు టన్నులదైనా పెద్ద బక్కెట్టే, కన్నం పూడదు.

స్లాబు రుద్ది కడిగించి, బీటలు పూడ్చి, నానబెట్టిన సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించా. సాయంత్రాలే వేయించండి. ఎండలో వేస్తే పట్టు లేకుండా పొడైపోతుంది, మొదటిరోజు మాకు అదే అయింది. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కాబట్టి ఈ సున్నం సంక్రాంతికి మిగలదు. ఏటా వెయ్యాల్సిందే, ఒప్పుకుంటా. కూల్‌రూఫ్ పెయింట్ అయితే ఇంకొన్నేళ్ళు ఉంటుంది, ఖర్చు ఎక్కువ. ఏసీ గది తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ కూడా కొట్టా.

మూడో రాత్రి ఒంటిగంటప్పుడు మా ఆవిడ నన్ను తట్టి లేపింది. "ఏమండీ, కరెంటు పోయిందా?"

పోలేదు. కంప్రెసర్ ఆగింది.