మంద స్థితి తెలుసుకోవడం

ఆదివారం రాత్రి, కవిటి

ఈరోజు ఆరాధనలో వాక్యభాగం సామెతలు 27వ అధ్యాయం, 23వ వచనం. నీ పశువుల స్థితి జాగ్రత్తగా తెలుసుకో, మందల మీద మనసు పెట్టు అన్నది. చర్చిని నడిపే సంఘ పెద్దల మాట వస్తే అందరం తిమోతి మొదటి పత్రిక 3వ అధ్యాయమే తెరుస్తాం. పెద్ద ఎలాంటివాడై ఉండాలో అక్కడుంది. తెల్లారి లేచి అతను ఏం చెయ్యాలో మాత్రం ఈ సామెతలో ఉంది. స్థితి తెలుసుకోవాలి. తెలియకుండా చేసే ప్రార్థన మంచిదే అయినా, తెలియకుండా చేసే పరామర్శ ఒక్కోసారి కీడే చేస్తుంది.

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఆ సంగతి రోజూ కనిపిస్తుంది. కిడ్నీ జబ్బు తాకని ఊరు ఇక్కడ తక్కువ. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల దాకా. సోంపేటకో పలాసకో రానూపోనూ ప్రయాణం కలిపితే రోజు గడిచిపోతుంది. ఇంటికొచ్చేసరికి బీపీ పడిపోయి, ఒళ్లు తూలుతూ ఉంటుంది. సరిగ్గా ఆ సాయంత్రమే పదిమందిమి పాటల పుస్తకాలతో వెళ్లి గంటన్నర కూడిక పెడితే, మర్యాద కోసం ఆ మనిషి కూర్చునే ఉంటాడు. మర్నాడు వెళ్లాలి. ఇద్దరు చాలు, పావుగంట చాలు.

చేతిలో ఏం పట్టుకెళ్తున్నామో కూడా చూసుకోవాలి. కొబ్బరితోటల సీమ మనది, రోగి ఇంటికెళ్తే బొండాలు, అరటిపళ్లు పట్టుకెళ్లడం అలవాటు. రెండింట్లోనూ పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ప్రాణానికే ముప్పు. రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు కొలత చెప్పి ఉంటారు, మనం వెళ్లామని కలిపే టీ కూడా ఆ కొలతలోకే వస్తుంది. కాబట్టి మాకేం వద్దమ్మా అని ముందే చెప్పేయాలి. ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇంటికి తీసుకెళ్తే ఆ చిన్న గిన్నెలోది ఒక గుక్క కూడా ఉండదు, దానికి వెనకాడక్కర్లేదు.

ప్రార్థనలో చెయ్యి పట్టుకోవడం ఇంకొకటి. డయాలసిస్ కోసం ముంజేతిలోనో పైచేతిలోనో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేసి ఉంటారు. దాని మీద వేలు ఆనిస్తే లోపల జివ్వుమని రక్తం పారడం తెలుస్తుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టరు, మామూలు సూది మందు కూడా వెయ్యరు. ఆవేశంగా ప్రార్థిస్తూ ఆ చేతినే గట్టిగా నొక్కిపడితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు, మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లాలి. తల మీద చెయ్యి ఉంచితే సరిపోతుంది.

ఉపవాస ప్రార్థనకు పేర్లు రాయించుకునేటప్పుడు షుగరు మందులు వాడేవాళ్లను, ఇన్సులిన్ తీసుకునేవాళ్లను విడిగా పిలిచి మాట్లాడాలి. స్వస్థత దొరికింది, డయాలసిస్ మానెయ్ అని ఏ పెద్దా అనకూడదు. రెండు సిట్టింగులు మానేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. పెద్దల్ని పిలిపించి నూనె రాసి ప్రార్థన చేయించుకోమని యాకోబు రాశాడు, వైద్యం ఆపమని రాయలేదు. తిమోతి కడుపు జబ్బుకు పౌలే మందు చెప్పాడు.

పరామర్శ పుస్తకంలో ఇంటికో పేజీ ఉండాలి. డయాలసిస్ ఏ రోజుల్లో, తోడు ఎవరు వెళ్తున్నారు, బస్సు చార్జీలకు ఇబ్బంది ఉందా, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి. ఆ పుస్తకం పాస్టరుగారి దగ్గరే ఉండాలి. వాళ్లను అడగకుండా జబ్బు పేరు పుల్పిట్ మీంచి చదవడం తప్పు, ప్రార్థన కోసమే అయినా సరే.

చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లినవాళ్ల ఇళ్లకూ ఒక పేజీ పెట్టాలి. ఇంట్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలే ఉంటారు.

ఇక కానుకల సంగతి. ఎజ్రా 8వ అధ్యాయం ప్రతి కోశాధికారీ చదవాలి. బబులోను సీమ నుంచి మందిరానికి తెచ్చే వెండి బంగారాలు బయల్దేరే ముందు తూచి పన్నెండుమంది యాజకుల ముఖ్యులకు అప్పగించారు. యెరూషలేము చేరాక నాలుగో రోజు మందిరంలో మళ్లీ తూచి, ఆ బరువంతా రాసుకున్నారు. వాళ్లు దొంగలని కాదు, ప్రభువుకు ప్రతిష్ఠించిన మనుషులే. అయినా తూచారు. కానుక సంచి మందిరం గడప దాటకముందే, ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు లెక్కపెట్టాలి. ఐదువందలు ఎన్ని, వందలు ఎన్ని, చిల్లర ఎంత అని చీటీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం ఉదయమే సంఘం పేరున ఉన్న ఖాతాలో వెయ్యాలి. ఇళ్ల నుంచి కానుకగా వచ్చే గుప్పెడు బియ్యం కూడా తూకం వేసి కిలోలు రాయాలి.

సాధారణంగా లెక్క చెడేది దొంగతనంతో కాదు. డబ్బు, పుస్తకం ఒకరి దగ్గరే ఉంటాయి. సోమవారం వెయ్యాల్సింది గురువారానికి పోతుంది. ఈలోగా ఇంట్లో ఏదో అవసరం, నెలాఖరుకు సర్దుదాంలే అనుకుంటారు. నెల తిరిగేసరికి మంచిమనిషి మీద మచ్చ పడుతుంది. ఆ మనిషిని కాపాడేది రెండో సంతకం. కొరింథీయుల చందా తీసుకెళ్లేటప్పుడు పౌలు కూడా తోడుగా సహోదరుల్ని పంపాడు, ఎవరూ నింద వెయ్యకుండా.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి కొబ్బరిచెట్లు నేలకూలినప్పటి పరిస్థితి మళ్లీ వస్తే, సాయం వచ్చిన పూటే పంపకం జాబితా రాయాలి. యెరూషలేము సంఘంలో సణుగుడు మొదలైంది విధవరాళ్ల రోజువారీ పంపకం దగ్గరే కదా. అపొస్తలులు ఆ సణుగును తోసిపుచ్చలేదు. మంచిపేరున్న ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. నిర్లక్ష్యం జరిగింది గ్రీకు భాష మాట్లాడేవాళ్ల విధవరాళ్లకు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. నష్టపోయిన పక్షం మనుషులకే సంచి అప్పగించినట్టుంది.

కొత్త పెద్దల ఎన్నిక దగ్గర పడుతోంది. బాగా మాట్లాడేవాళ్ల పేర్లు ముందు వినిపిస్తాయి. కొత్తగా చేరినవాడిని పెట్టొద్దని, పరిచారకుల్ని ముందు పరీక్షించమని పౌలు చెప్పిన రెండూ పాటించాలి. పేరు వచ్చిన ప్రతివారికీ ముందు ఒక ఏడాది బియ్యం తూకం, ఒక వీధి పరామర్శ పుస్తకం అప్పగించాలని బుధవారం కమిటీలో అడుగుతాను.