చంద్రుడు మన వెంట ఎందుకు వస్తాడు?

రాత్రి ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. నువ్వంటే ఇష్టం కనుక వస్తున్నాడని మురిపెంగా చెప్పేవారు కొందరు, చాలా దూరంలో ఉన్నాడు కనుక అలా అనిపిస్తుందని ఒక్క ముక్కలో తేల్చేసేవారు కొందరు. మొదటిది నిజం కాదు. రెండోది నిజమే అయినా, దూరాన ఉన్నది వెంట వస్తున్నట్టు ఎందుకు కనిపించాలన్న అసలు సందేహం అలాగే మిగిలిపోతుంది. పిల్లలకు ఇచ్చే జవాబులో వాళ్లు స్వయంగా సరిచూసుకోగలిగినది ఏదో ఒకటి ఉండి తీరాలన్నది నా గట్టి నమ్మకం.

చంద్రుడి విషయంలో అది ఎంతో తేలిక. పగటి ప్రయాణంలో ముందు దారి పక్కనున్న స్తంభాలను, తర్వాత కాస్త ఎడంగా ఉన్న చెట్లను, చివరికి దూరపు కొండను చూడమనాలి. స్తంభం రెప్పపాటులో వెనక్కి పోతుంది, చెట్టు కొంచెం ఆగి పోతుంది, కొండ మాత్రం చాలాసేపు మనతోనే ఉంటుంది. ఎంత దూరమైతే వెనకబడడం అంత నెమ్మది అన్న సంగతిని, ఎవరూ చెప్పనక్కరలేకుండా, పిల్లలే పట్టుకుంటారు. చంద్రుడు సగటున 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని అప్పుడు చెబితే ఆ అంకెకు వాళ్ల మనసులో అర్థం ఏర్పడుతుంది. మనం పది కిలోమీటర్లు వెళ్లినా, ఆ ప్రయాణం వల్ల చంద్రుడు కనిపించే దిక్కులో వచ్చే మార్పు ఒక డిగ్రీలో 600వ వంతు కూడా ఉండదు.

కాస్త పెద్ద పిల్లలైతే ఇక్కడితో ఆపకూడదు, ఎందుకంటే నక్షత్రాల దూరాన్ని మనిషి మొదట కొలిచింది కూడా ఈ కిటికీ చూపుతోనే. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఆరు నెలల్లో దాదాపు 30 కోట్ల కిలోమీటర్ల అవతలి వైపుకు చేరుతుంది కనుక, దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల నేపథ్యంలో రవంత పక్కకు జరిగినట్టు కనిపించాలి. ఆ రవంత జరుగుబాటును 61 సిగ్ని అనే నక్షత్రం విషయంలో కొలిచి, దాని దూరాన్ని లెక్కగట్టినట్టు జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ 1838లో ప్రకటించాడు.

ఆకాశం నీలం ఎందుకన్న ప్రశ్నకు సముద్రపు రంగు ప్రతిఫలించడం వల్లనని చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లోనూ ఆకాశం అంతే నీలంగా ఉంటుందని ఒక్కసారి గుర్తు చేస్తే, ఆ జవాబు నిలవదని పిల్లలే చెబుతారు. సూర్యకాంతిలోని నీలాన్ని గాలి అణువులు ఎరుపుకన్నా దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. గాజుగ్లాసు నీళ్లలో నాలుగు చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో ఒక పక్క నుంచి టార్చి వేస్తే, గ్లాసు పక్కల నుంచి లేత నీలంగానూ, టార్చికి ఎదురుగా చూస్తే పసుపు, నారింజ ఛాయలోనూ కనిపిస్తుంది. సాయంకాలపు ఎరుపుకూ కారణం ఇదే.

సముద్రం సంగతి మాత్రం ఇంకా ఆసక్తికరం. దాని నీలం ఆకాశపు ప్రతిబింబమేనని, ఆకాశపు నీలానికి కారణం వివరించిన భౌతిక శాస్త్రవేత్త ర్యాలీ అంతటివాడు భావించాడు. 1921లో ఐరోపా నుంచి ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూసిన సి.వి. రామన్, నీటి ఉపరితలం నుంచి వచ్చే ప్రతిబింబాన్ని, అలాంటి వెలుగును ఆపగల నికోల్ పట్టకం అనే స్ఫటికంతో అడ్డుకొని చూస్తే నీలం పోలేదు. ఆ రంగు నీటి లోపలి నుంచే వస్తోంది. అక్కడ మొదలైన వెతుకులాటే 1928 ఫిబ్రవరి 28 నాటి రామన్ ఎఫెక్ట్ (చెదిరిన కాంతిలో కొంత రంగు మారడం) ఆవిష్కరణకూ, 1930 నాటి నోబెల్ బహుమతికీ దారితీసింది.

ప్రశ్నను తోసిపుచ్చడం ఎంత సులువో ఎంపెంబా కథ చెబుతుంది. 1963లో టాంజానియాలో బడిలో చదువుతున్న ఈ కుర్రవాడు, ఐస్‌క్రీమ్ కోసం వేడిగా పెట్టిన పాలు చల్లార్చి పెట్టిన పాలకన్నా ముందే గడ్డకట్టడం గమనించి కారణం అడిగితే, నువ్వు పొరబడ్డావన్న మాటే దక్కింది. తర్వాత అతను చదువుతున్న మరో బడికి వచ్చిన భౌతికశాస్త్ర ఆచార్యుడు డెనిస్ ఆస్‌బోర్న్ మాత్రం ఆ ప్రశ్నను ప్రయోగశాలకు తీసుకువెళ్లాడు, 1969లో ఇద్దరి పేర్లతో వ్యాసం వెలువడింది. అది ఏ పరిస్థితుల్లో జరుగుతుందన్న చర్చ నేటికీ తెగలేదు.

రాత్రి చీకటి ఎందుకన్న ప్రశ్ననూ నేను చిన్నదిగా చూడను. ఐదేళ్ల పాపకు సూర్యుడు భూమికి అవతలి వైపు ఉన్నాడన్న జవాబు చాలు. ఎనిమిదేళ్లు వచ్చాక, నక్షత్రాలు కూడా సూర్యుళ్లే అయితే అన్నీ కలిసి ఆకాశాన్ని ఎందుకు వెలిగించవని అడగవచ్చు. 1823లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త ఓల్బర్స్ లేవనెత్తిన చిక్కు అదే. చిన్న తోపులో నిలబడి చూడమనండి, మానుల సందుల్లోంచి అవతలి వెలుగు కనిపిస్తుంది. అంతులేని అడవిలో ఎటు చూసినా చూపు ఏదో ఒక మానుకు తగిలి ఆగుతుంది. అలాగే అంతులేనన్ని నక్షత్రాల వెలుగు మనల్ని చేరితే, ఎటు చూసినా ఏదో ఒక నక్షత్రమే కనిపించాలి. విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల సంవత్సరాలే కనుక, అంతకన్నా ముందు నుంచి ప్రయాణిస్తూ మనల్ని చేరే వెలుగు లేదు. మనకు కనిపించే ఆకాశం తోపు లాంటిది, చీకటికి ముఖ్య కారణం అదే. ఆ వయసు ఎలా తెలిసిందని వాళ్లు వెంటనే అడుగుతారు. దానికి దూరం జరుగుతున్న నక్షత్రవీథుల గురించి చెప్పాలి, అది ఇంకో రోజు కూర్చుని తీరిగ్గా మాట్లాడుకోవలసిన విషయం.